తడ బూట్లు దేశాలు తిరుగుతున్నాయి.. తడ అమ్మాయిలు ఎక్కడ ఆడాలి?

2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబైలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి వన్డే ప్రపంచకప్పు అందుకున్నప్పుడు తెలుగు ఇళ్లలో సంతోషం రెట్టింపైంది. దేశం గెలిచిందన్నది ఒకటి. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉందన్నది రెండోది. ఆ రాత్రి టీవీలో అందరికీ కనబడినా ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. జట్టు చొక్కాల మీది మూడు గీతలు అడిడాస్ కంపెనీ గుర్తు. 2023 నుంచి భారత క్రికెట్ జట్ల కిట్ ఆ కంపెనీదే. ఆ గుర్తుతో ప్రపంచమంతా అమ్ముడుపోయే బూట్లలో ఏటా లక్షల జతలు తయారయ్యేది తడ మండలం మాంబట్టులో. కుట్టేది, అంటించేది, పెట్టెలో సర్దేది ఎక్కువగా ఆడవాళ్లే.

మాంబట్టు సెజ్‌లో అపాచీ ఫుట్‌వేర్ 2006లో మొదలైంది. అప్పుడు వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి. ఇప్పుడు అక్కడ పది వేల మందికి పైగా పని చేస్తున్నారు, అందులో పెద్ద భాగం చుట్టుపక్కల పల్లెల మహిళలు. ఆ అనుభవం ఎంత కలిసొచ్చిందంటే, అదే గ్రూపు శ్రీకాళహస్తి దగ్గర ఇనగలూరులో ఇంకో ఫ్యాక్టరీకి సిద్ధపడింది. 700 కోట్ల పెట్టుబడి, 10 వేల ఉద్యోగాలు అన్న మాటతో 2022 జూన్ 23న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి దానికి భూమిపూజ చేశారు. మాంబట్టు ఆడవాళ్ల చేతి పనితనం చూశాకే ఆ రెండో ఫ్యాక్టరీ వచ్చిందనుకోవాలి. శంకుస్థాపన రాళ్ల మీద మాత్రం వాళ్ల ఊసు ఉండదు.

ఈ పక్కనే శ్రీసిటీ. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో ఇసుజు వాహనాలు, ఫాక్స్‌కాన్ ఫోన్లు, డైకిన్ ఏసీలు, అల్‌స్టామ్ మెట్రో రైలు పెట్టెలు, చాక్లెట్లు, టూత్‌పేస్టులు అన్నీ తయారవుతాయి. 2025 మే 8న మంత్రి నారా లోకేష్ 5,001 కోట్ల ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. నిజానికి శ్రీసిటీ ఎక్కువ భాగం సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో ఉంది. అయినా దారి అడిగితే అందరూ చెప్పేది "తడ దగ్గర" అనే. తడ జలపాతం సంగతీ అంతే. చెన్నై కుర్రాళ్లు సెలవు రోజుల్లో బైకుల మీద వెళ్లే ఆ ఉబ్బలమడుగు కూడా వరదయ్యపాలెం మండలంలోనిదే. పేరు తడది, సొత్తు ఇంకొకరిది. ఇంత పేరున్నా తడ ఇప్పటికీ పంచాయతీయే.

ఎవరి హద్దు ఎక్కడ?

ఈ ప్రాంతానికి హద్దుల గొడవ పాతదే. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు సరిహద్దులు సర్దుకున్నప్పుడు తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. తర్వాత ఆరు దశాబ్దాలు తడ నెల్లూరు జిల్లాలో, సత్యవేడు చిత్తూరు జిల్లాలో ఉండిపోయాయి. ఒకే పారిశ్రామిక ప్రాంతానికి ఇద్దరు కలెక్టర్లు. తడ వాళ్ల అర్జీ నెల్లూరుకు, శ్రీసిటీ గేటు ముందున్న ఊరి వాళ్ల అర్జీ చిత్తూరుకు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రెండూ తిరుపతి జిల్లాలోకి చేరాయి. అది మా పరిధి కాదని చెప్పే వీలు అధికారులకు ఇప్పుడు లేదు. శాసనసభ సీట్లు మాత్రం రెండు, సూళ్లూరుపేట, సత్యవేడు. రెండూ ఎస్సీ రిజర్వుడు. 2024లో సూళ్లూరుపేటలో తెలుగుదేశం తరఫున నెలవల విజయశ్రీ, సత్యవేడులో అదే పార్టీ తరఫున కోనేటి ఆదిమూలం గెలిచారు. రెండు సీట్లూ తిరుపతి లోక్‌సభ కిందికే వస్తాయి. ఎంపీ వైఎస్సార్ కాంగ్రెస్‌కు చెందిన మద్దిల గురుమూర్తి. అంటే మంచి జరిగితే మా ఘనతని, చెడు జరిగితే వాళ్ల తప్పని చెప్పుకోవడానికి రెండు పార్టీలకూ చోటుంది.

హద్దుకు అవతల ఆరంబాక్కం, గుమ్మిడిపూండి. చెన్నై ఇక్కడికి అరవై కిలోమీటర్ల పైచిలుకు. అటువైపు తమిళనాడు ప్రభుత్వం 2022లో చెన్నై మహానగర ప్రాంతాన్ని 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కు పెంచింది. నగరం ఉత్తరంగా జరుగుతూ జరుగుతూ తడ గుమ్మం దాకా వచ్చేసింది. నగరం వస్తే అద్దెలు, స్థలాల ధరలు, లారీల రద్దీ ముందే వచ్చేస్తాయి. ఆసుపత్రి, మైదానం, లైబ్రరీ లాంటివి ఎవరో గట్టిగా అడిగితే గానీ రావు.

ఈ అమ్మాయిలు ఎక్కడి నుంచి వస్తున్నారు?

షిఫ్టు బస్సుల్లో దిగే ఆడవాళ్లలో వ్యవసాయ కూలీల పిల్లలున్నారు, పులికాట్ జాలర్ల పిల్లలున్నారు. చిల్కా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సముద్రం నుంచి నీళ్లు లోపలికి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే చేప, రొయ్య తగ్గుతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మీదుగా వేసిన రోడ్డు కూడా నీటి పారుదలను అడ్డుకుందని పర్యావరణవేత్తలు ఎప్పటినుంచో అంటున్నారు. సరిహద్దుకు రెండువైపుల జాలర్ల మధ్య వల వేసే హద్దుల మీద తగాదాలు ఉండనే ఉన్నాయి. ఇరకం దీవి వాళ్లకు పడవే బస్సు. శీతాకాలంలో ఫ్లెమింగోలు వస్తే పండగ చేస్తారు. 2020 తర్వాత ఆగిపోయి 2025 జనవరిలో మళ్లీ మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌కు మంత్రులూ వచ్చారు. పక్షులకు మూడు రోజుల పండగ బాగానే ఉంది. వల నిండని ఇంటి నుంచి కూతురు ఫ్యాక్టరీకి వెళ్లడం మాత్రం ఏడాది పొడవునా సాగే సంగతి.

ముస్లిం కుటుంబాలకు తడ పేరు చాలావరకు పులికాట్‌లోని వేనాడు దర్గా వల్ల తెలుసు. గంధానికి తెలుగువాళ్లు, తమిళులు, ముస్లింలు, హిందువులు కలిసి వస్తారు. ఇప్పుడు గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట మసీదు వీధుల్లో తడ పేరు ఇంకో రకంగా వినబడుతోంది. ఇంటర్ అయిన పిల్ల "ఫలానా కంపెనీలో తీసుకుంటున్నారంట, బస్సు కూడా పంపిస్తారంట" అంటుంది. అక్కడి నుంచి ఇంట్లో వాదన మొదలు.

ఈ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. మాంబట్టులో బూట్ల ఫ్యాక్టరీ మొదలైన 2006లోనే సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. ముస్లిం మహిళల్లో బయట పనికి వెళ్లేవాళ్లు తక్కువని, పని చేసేవాళ్లలోనూ ఇంటి దగ్గర చేసే పనే ఎక్కువని ఆ నివేదిక చెప్పింది. బీడీలు, జరీ, కుట్టుపని లాంటివన్నమాట. తమిళనాడు వైపు పళవేర్కాడులో ముస్లిం మహిళలు తాటాకుతో బుట్టలు అల్లి అమ్ముతారు. ఇంటి పనికి ఓ సౌకర్యం ఉంది, గడప దాటక్కర్లేదు. కానీ దానికి పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు, ధర దళారీ చెప్పిందే. అదే ఫ్యాక్టరీలో నెల జీతం బ్యాంకులో పడుతుంది, అదీ అమ్మాయి పేరు మీద. తమ్ముడి ఫీజుకో, ఇంటి అద్దెకో, తన పెళ్లి ఖర్చుకో ఆ డబ్బే ఆధారమైన ఇళ్లు చాలా ఉన్నాయి. జీతం తెచ్చే కూతురి మాటకు ఇంట్లో విలువ పెరుగుతుంది. ఇది కాదనలేని మంచి.

కాబట్టి పంపాలా వద్దా అన్న చోట ఆగిపోకుండా ఏ షరతుల మీద పంపాలి అని అడగడం మొదలుపెట్టాలి. ఆ షరతులు ఈ మధ్యే మారాయి. చాలా ఇళ్లకు ఆ కబురు చేరలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు మహిళలతో పని చేయించకూడదంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ నిబంధనను సడలించాలని నిర్ణయించింది. మహిళ ఒప్పుకుంటే, రవాణా, భద్రత ఏర్పాటు చేస్తే రాత్రి షిఫ్టు వేయొచ్చు. రోజు పని గరిష్ఠంగా 9 గంటల నుంచి 10 గంటలకు పెరిగింది. అంతకుముందు 5 గంటలు పని చేస్తే విరామం ఇవ్వాలి, దాన్ని 6 గంటలు చేశారు. మూడు నెలల్లో చేయించగల ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144 గంటలకు వెళ్లింది. తర్వాత 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటిలోనూ మహిళల రాత్రి పనికి వాళ్ల సమ్మతి తప్పనిసరి అన్న షరతు ఉంది.

పెట్టుబడులు రావాలంటే ఇవి కావాలని ప్రభుత్వం అంటోంది. పక్క రాష్ట్రంతో పోటీ ఉన్న సరిహద్దులో ఆ వాదనకు కొంత బలం ఉంది కూడా. తమిళనాడులో శ్రీపెరంబుదూరు ఉండగా కంపెనీ ఇక్కడికి ఎందుకు రావాలి అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. కానీ చిక్కంతా "సమ్మతి" అన్న ఒక్క మాటలో ఉంది. కాంట్రాక్టరు కింద చేరిన పంతొమ్మిదేళ్ల పిల్ల సూపర్‌వైజర్ ముందు "నాకు రాత్రి వద్దు" అని ఎంతవరకు అనగలదు? అన్నాక వచ్చే నెల పని ఉంటుందా? ఈ భయం పోనంతకాలం కాగితం మీద సంతకం ఉన్నా అది సమ్మతి కాదు.

ఇంకోటి, రవాణా. కంపెనీ బస్సు దింపేది చాలాసార్లు హైవే పక్కన. 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు కంటెయినర్ లారీలు నడుస్తాయి. ఇల్లు ఉండేది లోపల, ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో. ఆ చివరి రెండు కిలోమీటర్లు ఎవరి బాధ్యత అన్నది ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. అబ్బా మోటార్ సైకిల్ వేసుకొని రాత్రి పన్నెండింటికి స్టాపు దగ్గర నిలబడితే ఆ పెట్రోలు, ఆ నిద్ర ఎవరి లెక్కలోకీ రావు.

రంజాన్‌లో ఈ సమస్య మరీ సూటిగా తగులుతుంది. ఏటా రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు గంట ముందు వెళ్లొచ్చని ప్రభుత్వం సర్క్యులర్ ఇస్తుంది. అది ప్రభుత్వ ఉద్యోగులకు. ఫ్యాక్టరీ లైనుకు వర్తించదు. రోజా ఉన్న అమ్మాయి ఆరు గంటలు ఆపకుండా పని చేసి, మగ్రిబ్ వేళకు ఖర్జూరం నోట్లో వేసుకోవడానికి పది నిమిషాలు అడగాలంటే ఎవరినడగాలి? కొత్త కోడ్ ప్రకారం 20 మంది, అంతకు మించి పనివాళ్లున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో పనివాళ్ల సంఖ్యకు తగ్గట్టుగా మహిళలకు చోటివ్వాలి. రంజాన్ విరామం అడగాల్సిన చోటు అదే. అడగాల్సింది కూడా పండగ ముందు వారం కాదు, షిఫ్టుల పట్టిక వేసే నెలలో. హిందూ సహోద్యోగులు కూడా సంక్రాంతి సెలవు, అయ్యప్ప దీక్ష సమయాల గురించి ఇలాంటివే అడుగుతుంటారు. కలిసి అడిగితే మేనేజ్‌మెంటు వినకపోదు.

పెళ్లయ్యాక చాలామంది పని మానేస్తారు. బిడ్డ పుట్టాక మిగతావాళ్లు. 30 మందికి మించి మహిళలున్న ఫ్యాక్టరీలో పిల్లల సంరక్షణ గది ఉండాలని పాత చట్టమే చెప్పింది. ప్రసూతి సెలవు 26 వారాలు అని 2017 నుంచి ఉంది. వైద్యానికి వస్తే, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ. కార్మికురాలి జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కడతారు. కట్టడం బాగానే జరుగుతుంది. పెద్ద జబ్బు చేస్తే వెళ్లాల్సిన తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రి తడకు ఎనభై కిలోమీటర్ల పైన. ఒక రోజు జీతం పోగొట్టుకొని రోజంతా ప్రయాణం చేసే బదులు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడమే జరుగుతుంది. వేల మంది చందా కట్టే చోట సరైన ఈఎస్ఐ ఆసుపత్రి అడగడం దానం అడిగినట్టు కాదు, వాళ్ల డబ్బే వాళ్లు అడుగుతున్నారు.

బూటు ఉంది, గ్రౌండు ఏది?

మళ్లీ ఆటల దగ్గరికి వద్దాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. 2018 నుంచే ఆమె అడిడాస్ ప్రచారకర్త. విశాఖ పేసర్ షబ్నం షకీల్ 2023, 2025లో అండర్-19 టీ20 ప్రపంచకప్పు గెలిచిన జట్లలో ఉంది. మంగళగిరి పవర్‌లిఫ్టర్ షేక్ సాదియా అల్మాస్ ఆసియా స్థాయిలో పతకాలు తెచ్చింది. తెలుగు ముస్లిం ఇంటి ఆడపిల్ల ఆటల్లోకి వెళ్తే ఏమవుతుందో చూపించడానికి ఈ ముగ్గురూ చాలు. ముగ్గురి వెనకా ఇంట్లోవాళ్లు నిలబడ్డారు. నిఖత్ తండ్రే ఆమెకు మొదటి కోచ్. ముగ్గురూ సాధన చేయడానికి చోటున్న ఊళ్ల నుంచే వచ్చారు. ఈ రెండోదాని గురించి పొగడ్తల సభల్లో ఎవరూ మాట్లాడరు.

తడ లాంటి చోట ఆడపిల్లకు చోటు అంటే ఏంటి? హైస్కూల్ గ్రౌండు సాయంత్రం మగపిల్లల క్రికెట్‌కు పోతుంది. అమ్మాయి పరుగెత్తాలంటే గోడ, లైటు, బట్టలు మార్చుకునే గది, ఒక మహిళా పీఈటీ కావాలి. ఈ నాలుగూ ఉంటే పంపడానికి ఇబ్బంది లేని తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. అవి లేనప్పుడు "మావాళ్లు ఒప్పుకోరు" అన్న మాట వినబడుతుంది, అందరూ దాన్ని మతం ఖాతాలో వేసేస్తారు. చాలాసార్లు సంగతి అది కాదు. గోడ లేదు, అంతే.

ప్రభుత్వాలు ఆటల మీద ఖర్చు పెట్టలేదని అనలేం. 2014, 2019 మధ్య నియోజకవర్గానికో క్రీడా వికాస కేంద్రం అన్నారు. చాలాచోట్ల అవి అసంపూర్తిగా మిగిలాయి. 2023 డిసెంబరు 26న 'ఆడుదాం ఆంధ్ర' మొదలైంది. వంద కోట్లకు పైగా ఖర్చయింది, గ్రామ సచివాలయం స్థాయి నుంచి పోటీలు జరిగాయి, ఆడపిల్లలూ బాగానే వచ్చారు. ఎన్నికలు అయ్యాక అది విచారణల అంశమైంది. అక్రమాలు జరిగి ఉంటే తేల్చాల్సిందే. కానీ ఆ పోటీల్లో మొదటిసారి కబడ్డీ కోర్టులోకి దిగిన పల్లె అమ్మాయికి తర్వాతి ఏడాది ఏం మిగిలింది అన్నది ఎవరూ విచారించలేదు. కూటమి ప్రభుత్వం 2024 నవంబరులో కొత్త క్రీడా విధానం తెచ్చి, ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. శ్రీచరణికి రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. గెలిచినవాళ్లకు ఇవ్వడంలో ఏ ప్రభుత్వమూ వెనకాడదు. గెలవకముందు, పన్నెండేళ్ల వయసులో, ఎండలో పరుగెత్తే పిల్లకు ఇచ్చేది మాత్రం తక్కువ.

ఇక్కడే తడకు ఇతర మండలాలకు లేని అవకాశం ఒకటుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఏ పనులకు పెట్టొచ్చో చెప్పే జాబితాలో గ్రామీణ క్రీడలకు శిక్షణ స్పష్టంగా ఉంది. కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. ఆటల బూట్లు, ఏసీలు, ఫోన్లు, కార్లు తయారయ్యే చోట ఒక మండల స్థాయి మైదానానికి డబ్బు లేదంటే నమ్మడం కష్టం. స్థలం పంచాయతీ చూపించాలి, ప్రతిపాదన కలెక్టరు ముందు పెట్టాలి, నిర్వహణ ఎవరిదో ముందే రాసుకోవాలి. మూడోది లేకపోతే ప్రారంభోత్సవం అయిన ఏడాదికే అక్కడ గడ్డి మొలుస్తుంది.

పన్ను సంగతి కూడా ఇలాంటిదే. ఏపీఐఐసీ పారిశ్రామిక వాడల్లో 'ఐలా' అనే స్థానిక అథారిటీ ఉన్నచోట ఆస్తి పన్ను అదే వసూలు చేసుకుంటుంది, నిర్ణీత వాటా పంచాయతీకి ఇవ్వాలి. లారీల దుమ్ము, మురుగు, రోడ్డు గుంతలు భరించేది పంచాయతీ. కాబట్టి ఏటా ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న లెక్క పంచాయతీ ఆఫీసు బోర్డు మీద ఉండాలి. సర్పంచి ఏ పార్టీవాడైనా ఇది అడగొచ్చు.

ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అన్న చట్టం 2019 జూలైలో ఆంధ్ర శాసనసభ ఆమోదించింది. అప్పట్లో సరిహద్దులో పెద్ద చర్చే జరిగింది. ఆరంబాక్కం అమ్మాయి నడిచి వచ్చేంత దూరంలో ఉన్నా స్థానికురాలు కాదు, ఎక్కడో శ్రీకాకుళం అమ్మాయి స్థానికురాలు. ఇలాంటిదే హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. ఆ చట్టం పేరు చెప్పి ఓట్లడగడం తేలిక. ఉద్యోగం వచ్చాక ఆ అమ్మాయి ఎలా పనిచేస్తోందో చూడటం కష్టం, అందుకే దాని జోలికి నాయకులు పెద్దగా రారు.

2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ల గడువు 2026తో తీరుతోంది. వార్డు అభ్యర్థి ఇంటి ముందుకొచ్చి నిలబడినప్పుడు అడగడానికి కాగితం చేతిలో ఉంటే మంచిది. కేంద్ర ప్రభుత్వ సీఎస్‌ఆర్ పోర్టల్ ఫోన్లోనే తెరుచుకుంటుంది. కంపెనీ పేరు కొడితే ఏ ఏడాది, ఏ జిల్లాలో, ఏ పనికి ఎంత పెట్టిందో వస్తుంది. ఆ పట్టికలో ఆటల శిక్షణకు విడిగా ఒక వరుస ఉంటుంది. మాంబట్టులో పనిచేసే ఇంటి పిల్ల ఎవరైనా అయిదు నిమిషాల్లో దాన్ని వెతికి, స్క్రీన్‌షాట్ తీసి, వార్డు గ్రూపులో పెట్టగలదు.